కిటికీలో నానమ్మ

"తలుపు వెయ్యి ఫిలొమీన్. గడియ కూడా పెట్టు," అంది ఒర్తాన్స్.

పనిమనిషి ఫిలొమీన్ కాఫీ పళ్లెం చేతిలో ఉండగానే మోచేత్తో తలుపు నెట్టి గడియ వేసింది. మంచం మీద ఒర్తాన్స్ అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి ముట్టుకుంటే చల్లగా, బిగుసుకుపోయి ఉంది.

"ఫాదర్‌గారికి కబురు పెట్టనా అమ్మగారూ?"

"ఎవరికీ వద్దు. ఆవిడ ఈరోజు పోలేదు. రేపు భస్మ బుధవారం, రేపు పోతుంది."

"అదేంటమ్మా, చావు మన చేతుల్లో పనా?"

"ఈ ఒక్కపూటా అవ్వాలి. నీకు దణ్ణం పెడతాను."

బయట సెయింట్ చార్లెస్ వీధిలో అప్పుడే బాజాలు మొదలయ్యాయి. ఉపవాస దినాలకి ముందొచ్చే కార్నివాల్ సంబరాలకి ఆఖరి రోజు. రాత్రి జరిగే ముసుగుల నాట్యోత్సవానికి ఏటా ఒక పెద్దింటి పిల్లని రాణిని చేస్తారు, ఈసారి ఒర్తాన్స్ కూతురు కొరాలీ. విందులో ఆమెకీ గాస్టన్‌కీ పెళ్లి ఖాయమైనట్టు అందరికీ చెబుతారు. ఇంట్లో ఎవరైనా పోయారా, ఆ ఇంటి పిల్ల కిరీటం పెట్టుకోకూడదు, ఏడాదిపాటు పెళ్లిమాట ఎత్తకూడదు. న్యూ ఆర్లీన్స్ పెద్దిళ్లలో అది మార్చలేని కట్టుబాటు. విందులో నలుగురి ముందూ ఒకసారి చెప్పేశాక మాత్రం ఏ చావూ ఆ పెళ్లిని ఆపదు. గాస్టన్‌కి పెళ్లాం పోయింది, వయసు మీద పడుతోంది. ఏడాది ఆగే రకం కాదు.

ఒర్తాన్స్‌కి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. తను రాణి కావలసిన ఏడు, సరిగ్గా వారం ముందు తండ్రి పోయాడు. గౌను పెట్టెలో ఉండిపోయింది, కుదిరి ఇంకా నలుగురికీ చెప్పని సంబంధం తప్పిపోయింది. ముప్పై దాటాక ఓ తాగుబోతు పాలపడి, వాడు పోయేదాకా పడరాని పాట్లు పడింది. "ఒక్క చావు నా బతుకంతా మార్చేసిందే," అని కూతురికి తల దువ్వుతూ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తన గతి ఆ పిల్లకి పట్టకూడదు. నెల రోజులుగా కొరాలీ తిండి మానేసి, "ఆయనకి నాన్న వయసుంది, నాకొద్దమ్మా," అని కాళ్లావేళ్లా పడుతున్నా ఒర్తాన్స్ మెత్తబడనిది అందుకే.

మంచం పక్కన నిద్రమందు సీసా ఖాళీగా ఉంది. రోజూ రాత్రి పాలల్లో చుక్కలు వేసి నానమ్మకి తాగించేది కొరాలీయే. మందు తెప్పించాలనుకుంటూ ఒర్తాన్స్ సీసా అందుకుంది. ఇక ఎందుకులే అని సొరుగులో పడేసింది.

తలుపు మీద చిన్నగా చప్పుడు.

"అమ్మా, నానమ్మ లేచిందా?"

ఒర్తాన్స్ గడియ తియ్యలేదు. "లేచి కాఫీ తాగి మళ్లీ పడుకుంది."

బయటినుంచి తలుపు పిడి కదిలింది.

"తాగిందా?"

"ఆఁ, తాగింది."

"ఒకసారి చూసి వెళ్తానమ్మా."

"నిద్ర చెడగొట్టకు. వెళ్లి తయారవ్వు."

"పోనీ డాక్టర్‌గారిని పిలవనా?"

"పడుకున్న మనిషికి డాక్టరెందుకే?"

కొరాలీ వెళ్తున్న అడుగుల చప్పుడు చాలాసేపటిదాకా వినపడలేదు. నానమ్మంటే ఎంత ప్రాణమో పిచ్చిపిల్లకి, అనుకుని ఒర్తాన్స్ కళ్లు తుడుచుకుంది.

అసలు గండం మధ్యాహ్నం ఉంది. ఊళ్లో బతికున్న కార్నివాల్ రాణుల్లో అత్తగారే పెద్దది. ఏటా ఊరేగింపులో కార్నివాల్ రాజు వేషం కట్టినవాడు ఈ ఇంటి ముందు రథం ఆపి, పై కిటికీలో కూర్చున్న ఆవిడకి మర్యాదగా ద్రాక్షసారా గిన్నె ఎత్తి చూపిస్తాడు. కిటికీ ఖాళీగా కనబడితే ఎవరో ఒకరు చూడ్డానికి పైకి రాక మానరు.

"ఈ శాలువా కప్పుకో ఫిలొమీన్. ముసుగు పెట్టుకో. చేతికి తొడుగులు. గిన్నె ఎత్తగానే చెయ్యి ఊపు, చాలు."

"బతికున్నన్నాళ్లూ ఈ శాలువా ఉతకడానికి కూడా నా చేతికివ్వలేదమ్మా పెద్దమ్మగారు. ఇప్పుడు లేచి లాక్కుంటే?"

"లేస్తే అంతకంటేనా. నా కష్టాలన్నీ గట్టెక్కుతాయి."

ఫిలొమీన్ శిలువ గుర్తు వేసుకుని, మంచం వైపు చూడకుండా కుర్చీలో కూర్చుంది. ఒర్తాన్స్ బయటినుంచి గదికి తాళం వేసి తాళంచెవి రవికలో దోపుకుంది.

రథం వచ్చి ఆగింది. బంగారు ముసుగు వెనక ఉన్నది గాస్టనేనని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అతను గిన్నె పైకెత్తాడు. పై కిటికీలో తెల్లటి తొడుగు అటూ ఇటూ ఊగింది. జనం ఈలలు వేశారు.

కింద వరండాలో తల్లి పక్కన నిలబడ్డ కొరాలీ తల ఎత్తి చూసింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నానమ్మ లేచింది," అంది మెల్లగా.

"లేవక? నీ పెళ్లి చూడకుండా పోతుందా ఆవిడ?"

కొరాలీ తల్లి భుజం మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. "నీ ఇష్టమమ్మా. ఎవరిని చేసుకోమంటే వాళ్లనే చేసుకుంటాను. ఇక నోరెత్తను."

దేవుడు దాని మనసు మార్చాడని ఒర్తాన్స్ పొంగిపోయింది.

రాత్రి అంతా సవ్యంగా జరిగింది. కొరాలీ కిరీటం పెట్టుకుని, చెప్పినచోట నవ్వింది, చెప్పినచోట వంగింది. విందులో గాస్టన్ ఉంగరం తొడిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక ఈ పెళ్లిని ఎవరూ ఆపలేరు. ఒర్తాన్స్ కూతుర్ని అలంకరణ గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

"గుండె దిటవు చేసుకో తల్లీ. నానమ్మ మనకి లేదు. తెల్లారకముందే నిద్రలో పోయింది. కిటికీలో చెయ్యి ఊపింది ఫిలొమీన్. తప్పో ఒప్పో, నీ కోసమే దాచాను."

కిరీటం పిన్నులు తీస్తున్న కొరాలీ చేతులు ఆగిపోయాయి. వేలికున్న ఉంగరం వైపు చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది. చిన్నపిల్లలా అడిగింది.

"మరి నేను సీసా అంతా పోసింది దేనికమ్మా?"