యాభై కిలోల బొమ్మ

"లోపలికి వెళ్తావా తల్లీ, ఈసారి కూడా ఇంటికే పంపించెయ్యమంటావా?" అన్నాడు ఫైరింజను డ్రైవర్ బాబాయి, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని.

పొగ గది ఇనుప తలుపు ముందు నిలబడ్డ పిల్ల, ముఖానికున్న గాలి ముసుగు పట్టీ మళ్ళీ బిగించుకుంది. తోటిపిల్లలు ఆమెని బెదురుగొడ్డు అంటారు. ఊరికే అనరు మరి, ఇప్పటికి రెండుసార్లు ఈ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పరుగెత్తింది. లెక్కల్లోనూ సైన్సులోనూ సున్నాలు తెచ్చుకునే పిల్లలకి ఏదో ఒక పని నేర్పి దారిలో పెడదామని పెట్టిన బడి ఇది. ఒకరు వంట, ఒకరు వైరింగు తీసుకుంటే, ఈ పిల్ల ఏరి కోరి మంటలార్పే పని ఎంచుకుంది. ఈసారి కూడా తప్పితే చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెడతానని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు.

పరీక్ష చెప్పుకోవడానికి చిన్నదే. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడని పొగలో, పెనం మీద కూర్చున్నట్టుండే వేడిలో పాక్కుంటూ వెళ్ళి, ఫైరు డ్రెస్సు తొడిగిన యాభై కిలోల బొమ్మని మూడు నిమిషాల్లో బయటికి లాక్కురావాలి. పాఠం చెప్పే మేడమ్ అదే డ్రెస్సులో లోపలే ఓ మూల ఉండి గమనిస్తుంది. పలకదు, సాయం చెయ్యదు. పొద్దుట్నుంచి ఏడుగురిని అలాగే పరీక్షించింది, మంచినీళ్ళకి కూడా బయటికి రాలేదు. అంత చండశాసనురాలు.

పిల్ల లోపలికి పాకింది. వెనకాల తలుపు ధడాలున మూసుకుంది.

ముసుగులో తన ఊపిరే తనకి బుసలా వినిపిస్తోంది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"మేడమ్, ఉన్నారా?"

జవాబు లేదు. ఉండదని తెలుసు, అయినా ఆశ.

"మేడమ్, నాకు భయమేస్తోంది. ఒక్కసారి ఊ అనండి, చాలు."

ఊ అనలేదు. రాతిగుండె మనిషి అనుకుంది పిల్ల.

ఎడంచెయ్యి గోడ మీంచి తియ్యకుండా పాకింది. కుర్చీ తగిలింది. మంచం కోడు తగిలింది. దాని పక్కనే బూటు. అమ్మయ్య, దొరికింది. మేడమ్ కిటికీ దగ్గర పెడుతుందనుకుంటే, దార్లోనే అడ్డంగా పడేసిందన్నమాట. చంకల కింద చేతులేసి లాగింది. కదిలితేగా. నిన్న ఆరుబయట లాగినప్పుడు ఇంత బరువు లేదు. కావాలనే ఇంకాస్త ఇసుక కుక్కి ఉంటారు.

ఆ పెనుగులాటలో చెయ్యి గోడని వదిలేసింది. తలుపు ఎటుందో తెలీలేదు. ఈ పొగలోనే ఊపిరాడక పోతాను, అమ్మకి ఏం చెప్తారో ఏమో అనుకుంది. బొమ్మని వదిలేసి ఎటో ఒకవైపు పారిపోదామనిపించింది.

"నీకేం, హాయిగా పడుకున్నావు," అంది బొమ్మతో, పళ్ళు కొరుకుతూ. "తిండి తిన్న ఒళ్ళా ఇది, గోనెబస్తానా? రా, కదులు."

తిడుతుంటే భయం కాస్త వెనక్కి తగ్గింది. అందుకని ఆపకుండా తిడుతూనే అడుగడుగూ లాగింది. వీపుకి గోడ తగిలింది. గోడ వెంబడే పోతే ఇనుప తలుపు తగిలింది. భుజంతో తోసింది.

వెలుతురు. గాలి. బొమ్మని గుమ్మం దాటించి పక్కనే కూలబడిపోయింది.

"పాసా, ఫెయిలా బాబాయ్? త్వరగా చెప్పు, నా గుండె ఆగిపోయేలా ఉంది."

బాబాయి వాచీ వంక చూడనేలేదు. పరుగున వచ్చి, బొమ్మ మీదికి వంగి, హెల్మెట్టు ఊడదీసి ముసుగు లాగేశాడు.

బొమ్మ గట్టిగా దగ్గి, నీరసంగా మేడమ్ గొంతుతో అడిగింది: "మూడు నిమిషాల్లోపే తెచ్చిందా?"