నూటికి ఒక్క వంతు

“పచ్చ దీపం వెలిగింది అక్కా, తవ్వెయ్యనా?”

మోకాళ్ళ మీద కూర్చున్న సపాలో చేతిపార ఎత్తాడు. అంగోలా యుద్ధంలో పాతిపెట్టిన మందుపాతరలు తీసే ఆ జట్టుకు చిసోలా పెద్ద. ఆమె వంగి కొత్త యంత్రం తెర మీద తీర్పు చదివింది. ‘ఖాళీ డబ్బా. అపాయం లేదు. నూటికి నూరు.’

“నూటికి నూరా? దేవుడి మీద కూడా నాకంత నమ్మకం లేదే! దీని రెండు కళ్ళూ విడివిడిగా ఏమన్నాయి?”

సపాలో మీట నొక్కాడు. “ఇనుము పసిగట్టేది మందుపాతర అంటోంది, నూటికి తొంభై తొమ్మిది వంతులు. మట్టిలోకి చూసేది చెట్టు వేరు అంటోంది. అదీ తొంభై తొమ్మిదే.”

“మరి డబ్బా అన్నదెవరు?”

“రెండూనూ. చెరో ఒక్క వంతు.” సపాలో నవ్వాడు. “మా ఇంటి వరసే అక్కా. నేను చేపంటాను, మా ఆవిడ మేకమాంసం అంటుంది. పేచీ తెగక, ఇద్దరికీ పడని చిక్కుడుగింజలే ఉడుకుతాయి.”

చిసోలా నవ్వలేదు. “ఈ యంత్రం కలవని మాటలు రెండూ పారేసింది. కలిసిన ఆ ఒక్క వంతునే నూరు చేసింది.”

సపాలో చేతిపారను మెల్లగా పక్కన పెట్టాడు. అతని చూపు క్విటో ఏటి వైపు మళ్ళింది.

“అక్కా... మొన్న ఊరివాళ్ళకి అప్పగించిన చేను?”

దాన్ని ఏ యంత్రంతో చూశారని చిసోలా అడగలేదు. జట్టుకు ఉన్నది ఇదొక్కటే.

ఏటి ఒడ్డున ఆ చేలో ఆడవాళ్ళు వరసగా నిలబడి కర్రపెండలం నాటుతున్నారు. వాళ్ళ పాట ఇక్కడిదాకా వినిపిస్తోంది. దరువుకు తగ్గట్టు పారలన్నీ ఒక్కసారే పైకి లేచాయి.