నోరు మెదపని బ్రౌజరు

"ఏమండీ, ఈ గొంతు ఆసుపత్రి మన కంప్యూటర్లోకి ఎందుకొచ్చి కూర్చుంది?"

భార్య కేకకు ప్రూఫ్‌రీడర్ గుండె జారిపోయింది. ఆవిడ స్వెట్టర్ల అల్లికలు చూసుకుందామని కంప్యూటర్ ముందు కూర్చుంది. స్వెట్టరు బొమ్మ పక్కనే నోరు తెరిచిన మనిషి బొమ్మ, దాని కింద 'గొంతులో గడ్డా? నిర్లక్ష్యం వద్దు!' అన్న ప్రకటన మెరుస్తున్నాయి.

"ప్రకటనలకేముందే, అందరికీ వస్తుంటాయి," అని ఆయన దగ్గాడు.

"ముందా దగ్గు సంగతి చూసుకోండి. గొంతు బొంగురుపోయి నెలైంది," అంటూ ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్లింది.

ఆయన నిన్ననే గొంతులో గడ్డ గురించి అందులో వెతికాడు మరి! గురువారం పొద్దున పరగడుపున రమ్మన్నాడు డాక్టరు. ముక్క తీసి పరీక్షకు పంపాలట. ఈ మాట ఆవిడతో అంటే ఇంకేమైనా ఉందా? అసలే బీపీ మనిషి, పాలు పొంగినా కంగారుపడుతుంది. ఫలితం తేలేదాకా ఆవిడ చెవిన పడకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆయనది ఉడుంపట్టు.

సాయంత్రానికల్లా బావమరిదిని పిలిపించాడు. కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతనిది.

"ఒరేయ్, మనం ఏం చూశామో ఎవరికీ చెప్పని బ్రౌజరు ఒకటి పెట్టరా ఇందులో."

బావమరిది కళ్లు చిట్లించాడు. "ఈ వయసులో మా అక్కకు తెలియకుండా ఏం చూస్తావు బావా?"

"నోర్మూసుకుని పని చూడు. మెల్లిగా మాట్లాడు."

వంటగదికీ ఈ గదికీ మధ్య ఒక్క తెరే అడ్డం. అటు గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"మూడున్నాయి బావా. మొదటిది రాకెట్టు. వేలు తీసేలోపు పేజీ తెరుచుకుంటుంది. కాకపోతే నువ్వు తుమ్మినా రాసిపెట్టుకుంటుంది."

"వద్దు."

"రెండోదానికి ఎక్స్‌టెన్షన్లు బోలెడు. అంటే మనక్కావలసిన పనిముట్లు తగిలించుకోవచ్చన్నమాట. ఇది చూడు, నువ్వు రాస్తుండగానే తప్పులు దిద్దేస్తుంది."

ప్రూఫ్‌రీడర్‌కు ఒళ్లు మండింది. ప్రెస్సులో ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూసే రోజుల నుంచీ ఆయన చేస్తున్న పని అదే. "నాకు దిద్దుతుందా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది!"

"పైగా నువ్వు రాసే ప్రతి అక్షరమూ దాన్ని తయారుచేసినవాళ్లకు చేరుతుందిలే."

"అయితే అసలే వద్దు."

"ఇక మూడోది. మూసెయ్యగానే అన్నీ మరిచిపోతుంది. ప్రకటనలు రానివ్వని ఎక్స్‌టెన్షను ఒక్కటి తగిలిస్తే చాలు. కానీ నత్తనడక బావా. ప్రతిసారీ పాస్‌వర్డ్ మళ్లీ కొట్టుకోవాలి. ప్రెస్సువాళ్లు పంపే పేజీలు తెరుచుకునేలోపు నువ్వో కునుకు తీయొచ్చు."

"నత్తలా నడవనీ, తాబేలులా పాకనీ. నోరు మెదపకూడదు, అంతే!"

బావమరిది మూడోదే పెట్టాడు. "పాస్‌వర్డ్ కొట్టు. నేను చూడన్లే," అని గోడవైపు తిరిగాడు. ఆయన ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. బావమరిది భుజాలు నవ్వుతో కదిలాయి.

"ఎందుకురా ఆ నవ్వు?"

"ఏం లేదు బావా. నీ రహస్యం బహు భద్రం," అని అతను సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వంటగదిలో కూరగాయలు తరుగుతుండగా ఆయన కంప్యూటర్ ముందు చేరాడు. 'గొంతులో గడ్డ, ఆపరేషన్ లేకుండా కరుగుతుందా?' అని కొట్టాడు. తెరమీద చక్రం తిరిగి తిరిగి ఆఖరికి పేజీ వచ్చింది. చదివి, మూసి, మళ్లీ తెరిచాడు. పాత వెతుకులాట జాడే లేదు. స్వెట్టర్ల పేజీ కూడా తెరిచి చూశాడు. నోరు తెరిచిన మనిషి మాయం. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

ఇక భయమేముంది? రోజూ అడగాలనుకున్నవన్నీ అడిగాడు. ముక్క తీస్తే నొప్పి పుడుతుందా, ఫలితానికి ఎన్నాళ్లు పడుతుంది, గురువారం పొద్దున పరగడుపున వెళ్లాలంటే మంచినీళ్లైనా తాగొచ్చా, అన్నీ. బుధవారం నాడు ఇంకో ప్రశ్న కూడా కొట్టాడు. అది కొడుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటగది తెరకు అవతల కత్తిపీట చప్పుడు కాసేపు ఆగింది. ఆయన గమనించలేదు.

గురువారం పొద్దున ఆయన చొక్కా తొడుక్కుని, కాఫీ వద్దనడానికి ఏ సాకు చెప్పాలా అనుకుంటూ వచ్చాడు. తీరా చూస్తే ఆవిడ కాఫీ పెట్టనేలేదు.

"ప్రెస్సుదాకా వెళ్లొస్తానే. అర్జెంటు పని."

"ఒక్క నిమిషం, తాళం వేస్తాను." ఆవిడ చెప్పులు వేసుకుని, గొడుగు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. చేతిసంచిలోంచి ఆయన పాత మందుల చీటీలన్నీ తొంగిచూస్తున్నాయి. "పరగడుపున వెళ్లాలిగా. ఎండ ముదరకముందే పదండి."

బావమరిదికి కూడా చెప్పని మాట! ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. "ఆ మాయదారి బ్రౌజరే చెప్పేసిందన్నమాట! భద్రమట, భద్రం! వాడి దుకాణానికి వెళ్లి వాడి సంగతి తేలుస్తాను!"

"దాన్నేం అనకండి పాపం. అది నోరు మెదపలేదు." ఆవిడ తాళం వేసి, కళ్లు తుడుచుకుని, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "'గొంతులో గడ్డ, కామా' దగ్గర్నుంచి నిన్నటి 'నేను పోతే మా ఆవిడ ఏమైపోతుంది, ప్రశ్నార్థకం' దాకా, ప్రెస్సులో ప్రూఫు చదివినట్టు ఒక్కో ముక్కా పైకి చదువుతూ కొట్టింది మీరే కదండీ!"