లక్క ఏనుగు ఏ దారిన పోవాలి?

“ఇది పుస్తకం కాదు, నా గుంట పాలిట శని. ఏదో ఓ రోజు దాని ప్రాణం మీదికి తెస్తాది, సూస్తుండండి,” అంది రాజ్యం.

అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. కూతురు చిన్నతల్లి గుమ్మంలో కూర్చుని ఆ పుస్తకమే చదువుకుంటోంది. పక్కన చెక్కకి లక్క పూసిన ఏనుగు. ఎర్రటి ఒళ్ళు, నాలుగు చక్రాలు. తాడు పట్టుకుని లాగితే తల ఊపుతుంది.

రెండూ రాజ్యం తమ్ముడు బంగార్రాజు విశాఖపట్నం నుంచి తెచ్చినవే. ఏనుగు కొంటే పుస్తకం ఊరికే ఇచ్చారట. అందులో హీరో ఈ ఏనుగే. రాజుగారి ఉంగరం వెతకడానికి బయల్దేరుతుంది. ప్రతి పేజీ అడుగునా ఓ చిక్కు ఉంటుంది. వంతెన దాటాలంటే ఫలానా పేజీ తియ్యి, పాడునూతిలో దిగాలంటే ఫలానా పేజీ తియ్యి అని. ఎటు పోవాలో చదివే పిల్లలే తేల్చుకోవాలి. తప్పుదారి పట్టారా, ఏనుగు పని సరి.

రాజ్యం అయిదో క్లాసు దాకా చదివింది. ఓ మధ్యాహ్నం కూర్చుని, పెదాలు కదుపుతూ, మధ్యమధ్యన గుండె పట్టుకుంటూ పుస్తకమంతా చదివేసింది.

“కతంటే మొదట్నుంచి సివరికి ఎల్లాల. ఇదేటి, తాగినోడి నడకలాగ! నీకు నచ్చినకాడికి పో అని పిల్లల్ని ఒగ్గీడమేటి? ఈ రాసినోడికి పిల్లలుండరు. ఉంటే ఇలాటి రాతలు రాయడు.”

మొగుడు దాసు అప్పుడే ఫ్యాక్టరీలో చెరుకు దించి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

“ఒసే, అది చెక్కేనుగే. నూతిలో పడితే తేల్తాది. నీకేటి భయం?”

“నవ్వండి, నవ్వండి. పాడుమాట చదివితే పాడే జరుగుతాది. పిల్లల పుస్తకంలో చావేటి, అప్రాచ్యపు రాతలు!”

మర్నాడు ముసురు పట్టింది. తడిసిన చెరకాకు రాజుకోక వానరోజుల్లో కళ్ళు ఎర్రబడేదాకా ఊదే రాజ్యం, ఆవేళ చిటికెలో గంజి కాచేసింది. చిన్నతల్లి బొంత లోంచి తల బయటపెట్టి మంట కేసి చూస్తూ పడుకుంది.

మధ్యాహ్నం మెల్లగా అంది. “అమ్మా, పద్నాలుగో పేజీ నేదే. ఇంకా కొన్ని కూడా నేవు.”

రాజ్యం చేట లోంచి తల ఎత్తలేదు.

“నేకపోతే నేదు. అచ్చేసినోడు తిని తొంగున్నాడు కాబోలు. ఒకడికి కత రాయడం రాదు, ఒకడికి పేజీలు కుట్టడం రాదు. మీ మావ మొకం సూసి కొట్టోడు ఎందుకూ పనికిరానిది అంటగట్టేడు.”

ఆదివారం బంగార్రాజు వచ్చాడు. అక్క ఆ తిట్లన్నీ అతని ముందు మళ్ళీ వడ్డించింది. పక్కింటి అచ్చియ్యమ్మ గోడ మీంచి వింటూ నవ్వింది.

బంగార్రాజు పుస్తకం అటూ ఇటూ తిప్పి బుర్ర గోక్కున్నాడు. “నేను సూసినప్పుడు అప్పా...”

“నువ్వేటి సూస్తావురా! సినిమా పోస్టరు తప్ప నీ కంటికి ఏటి ఆనుతాది?”

చిన్నతల్లి మేనమామ మోకాలు పట్టుకుని ఊపింది. “నూతిలో దిగితే ఏనుగేటవుతాది మావా?”

“ఏటవుతాదంటే...”

“ఏటీ అవదు!” అని అరిచింది రాజ్యం. “కంచాల ముందుకి రండి, అన్నం సల్లారిపోతంది.”

మర్నాడు బడి విడిచిపెట్టి చాలాసేపయినా చిన్నతల్లి కనిపించలేదు. పలకసంచి అరుగు మీద ఉంది. దాని పక్కన పుస్తకం తెరిచి బోర్లా పడి ఉంది. ఏనుగు లేదు.

రాజ్యం చేతిలో పని వదిలేసి వీధిలోకి ఉరికింది. చెరుకు లారీలు తిరిగే రోడ్డు, కాలవగట్టు, కోసిన మడులు, అన్నీ కళ్ళ ముందు ఒక్కసారే తిరిగాయి. పరిగెడుతూనే తిట్టింది.

“ఆ రాసినోడి సెయ్యి పడిపోనూ! ఆ అచ్చేసినోడు...”

“పుస్తకమేటి సేస్తాదే, ముందు గుంటని సూడు,” అని కసిరింది వెనకే వస్తున్న అచ్చియ్యమ్మ.

దాసుకి వీధి చివర బురదలో సన్నటి చక్రాల గీతలు కనిపించాయి. బెల్లం వండే పాత పాక వైపు పోయాయవి. ఫ్యాక్టరీ వచ్చాక అక్కడ బెల్లం వండేవాళ్ళు లేరు. పాక కూలింది. వెనక నుయ్యి సగం పూడిపోయింది.

గీతలు ఆ నూతి గట్టు దగ్గర ఆగిపోయాయి. ఏనుగు తాడు రాతికి కట్టి ఉంది. రెండో కొస లోపలికి వేలాడుతోంది.

“సిన్నతల్లీ!”

రాజ్యం నూతిలోకి వంగి అరిచింది.

దాసు పిలిచాడు. గొంతు పగిలేలా మళ్ళీ పిలిచాడు. లోపల చీకటి. రాజ్యం గట్టు మీద కూలబడి పైటచెంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడకి ఆ క్షణాన ఒక్క తిట్టూ దొరకలేదు. దాసు పంచె ఎగ్గట్టి, నూతి రాళ్ళ మీద కాలు మోపాడు.

అప్పుడు, ఎంతసేపటికో, అడుగు నుంచి బెదురూ ఏడుపూ లేని గొంతొకటి పైకి వచ్చింది.

“ఏటీ అవదన్నావు కదమ్మా, మరి ఆ పేజీలు నువ్వెందుకు సింపి పొయ్యిలో ఎట్టీసేవో సూద్దామని దిగేను.”