పాత ఫ్రీక్వెన్సీ

దేవకుమార్ మౌస్ నొక్కాడు. జాబితాలోంచి ‘సెవెన్ జీరో త్రీ ఫైవ్’ పోయింది.

గరాచర్మలోని అతని ఇల్లే ఈ దీవుల హామ్ రేడియో క్లబ్బు. రేడియోకి కంప్యూటర్ తగిలించి ఇక్కడ టైపు చేస్తే, అక్షరాలు సముద్రం దాటి ఇంకొకరి తెర మీద పడతాయి. అందరూ ఏ ఫ్రీక్వెన్సీలో కలవాలో సాఫ్ట్‌వేర్‌లో పెట్టేది దేవకుమారే. కొత్త జాబితా అందరికీ మెయిల్ చేశాడు.

అందరూ మారారు, గవరయ్య తప్ప.

గవరయ్యది ఊరి అవతల మిన్నీ బే. ఓడలో వైర్‌లెస్ పని చేసి రిటైరయ్యాడట. దేవకుమార్ ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. ఫోన్లో గొంతు మాత్రం తెలుసు.

“పాతది తీసీకండి బాబూ.”

“అందులో ఎవరున్నారు తాతా?”

“నానున్నాను కదా! ఒక్కరైనా ఇంటూ ఉండాల.”

పక్కనున్న క్లబ్బు వాళ్లు పగలబడి నవ్వారు. మళ్లీ ఫోన్ చేస్తే దేవకుమార్ విసుక్కున్నాడు. ఆ తర్వాత ఎత్తడం మానేశాడు.

నవంబరులో తుఫాను విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయాయి. కచ్చల్ దీవిలో టీచరుగా ఉన్న అక్క కృపావతి, బావ ఏమయ్యారో తెలియదు. అక్కతో లైసెన్సు పరీక్ష రాయించి, రేడియో, లాప్‌టాప్ ఇచ్చి పంపింది దేవకుమారే. కొత్త ఫ్రీక్వెన్సీలో ఆమెను పిలుస్తూనే ఉన్నాడు. జవాబు లేదు.

గేటు చప్పుడైంది. వానలో తడిసి ముద్దయిన ముసలాయన.

“నాను గవరయ్యని బాబూ! పాత ఫ్రీక్వెన్సీలో...”

దేవకుమార్‌కి ఒళ్లు మండిపోయింది.

“మా అక్క ఉందో లేదో తెలీక నేను చస్తుంటే, మళ్లీ అదే గొడవా? జావ్ యహాఁ సే, పో!”

“సాంతం ఇనండి బాబూ...”

తలుపు ధడాలున మూసి, హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. వాన హోరులో ఆయన ఇంకా ఏదో అరుస్తున్నట్టే ఉంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

ఫోన్లు పలికిన రోజున క్లబ్బు సభ్యుడు యిర్మియా ఫోన్ చేసి చెప్పాడు.

“గవరయ్య తాత పోయాడు భయ్యా. వానలో తిరిగి జ్వరం పట్టిందంట. ఛాతీలో నెమ్ము చేరింది.”

“పాపం” అన్నాడు దేవకుమార్. చూడ్డానికి వెళ్లలేదు. కచ్చల్ నుంచి వచ్చే ఓడ జాబితాలో అక్క పేరుంది, అది ఆ పూటే చేరుతుంది మరి.

జెట్టీలో అక్క ఒక్కతే దిగింది.

“బావేడక్కా?”

కృపావతి తెల్లబోయింది. “హెలికాప్టర్లో ముందే తెచ్చారు కదరా! ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేశాను, తెలివొచ్చిందన్నారు. నువ్వు చూళ్లేదా?”

“నాకెవరూ చెప్పలేదే!”

“చెట్టు మీద పడి బావ చావు దాకా వెళ్లాడు. మా దీవికి నెట్ ఎక్కడిది, నీ మెయిల్ అందడానికి? నువ్వు పెట్టిచ్చిన పాత ఫ్రీక్వెన్సీలోనే పిలిచాను. ఒకే ఒక్కాయన పలికాడు. నీ దగ్గరికి వెళ్లి చెప్పమన్నాను.”

దేవకుమార్ అక్క చేతిలోని సంచీ అందుకున్నాడు.

“ఆ తాతగారి దగ్గరికి తీసుకెళ్లరా, ముందు దండం పెట్టుకోవాలి. ఆ వానలో తిరిగొచ్చి మళ్లీ టైపు చేశాడు పాపం... ‘మీ తమ్ముడు ఇంట్లో లేరమ్మా, నేనే డెలానీపూర్‌లో తుఫాను సహాయం ఆఫీసుకెళ్లి హెలికాప్టర్ పంపించాను’ అని.”