సుంకన్నకు నచ్చిన మిషను

ఏడో గడ్డి మిషనుకు తాడు లాగి స్టార్ట్ చేశాడు షాపు కుర్రాడు దర్శన్. సుంకన్న కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు. తర్వాత పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చని మేనమామలా అడ్డంగా తలూపాడు.

రంజిత వాచీ చూసుకుంది. హూడిలోని ఆ షాపుకు వచ్చి గంట దాటింది. పన్నెండింటికి ఆఫీసు కాల్ ఉంది, శనివారమైనా సరే.

బ్రూక్‌ఫీల్డ్‌లో వాళ్లది నలభై విల్లాల కాలనీ. సుంకన్న ఆలూరు దగ్గర్నుంచి కూలిపనికి వచ్చి, ఆ ఇళ్లు కట్టడానికి ఇటుకలు మోసి, కట్టడం అయిపోయాక అక్కడే తోటమాలిగా నిలిచిపోయాడు. భార్య పుల్లమ్మ కూడా అతనితోపాటే పని చేస్తుంది. పొద్దున ఆరింటికి వచ్చి, ఎనిమిదికల్లా గడ్డి కోత ముగిస్తారు.

పోయిన నెల మీటింగులో ప్రెసిడెంటు అశోక్‌కుమార్, తోటమాలి పని చేస్తుండగా తాను ఒక్కరోజైనా చూడలేదని ప్రకటించాడు. ఆయన నిద్ర లేచేది ఎనిమిదిన్నరకని ఎవరూ గుర్తుచేయలేదు. మేమూ చూడలేదని తక్కినవాళ్లు చేతులెత్తారు. పక్క కాలనీకి యూనిఫాం వేసుకున్న ఏజెన్సీ వాళ్లొస్తారట. చివరికి సుంకన్నకు ఒక మంచి మిషను కొనివ్వాలని, నెల చూసి, పని నచ్చకపోతే ఏజెన్సీని పిలవాలని తేల్చారు. అతని తరఫున మాట్లాడింది రంజిత ఒక్కతే. కాబట్టి మిషను ఎంచే పని ఆమెకే అంటగట్టారు. అసోసియేషన్లలో నోరు తెరిచినవాళ్లకు పడే శిక్ష అదే.

రంజిత పద్ధతి గల మనిషి. బరువెంత, చేతులు ఎంత అదురుతాయి, రాళ్లు ఎగరకుండా అడ్డు ఉందా, వారంటీ ఎన్నాళ్లు అని పట్టిక వేసుకుని వచ్చింది. అశోక్‌కుమార్ పంపిన పదకొండు వీడియోలు కూడా చూసింది. గడ్డి గురించి ఆమెకిప్పుడు తన ఉద్యోగం గురించి తెలిసినదానికంటే ఎక్కువే తెలుసు.

ఆమె పట్టికలో మొదటి స్థానం బ్యాటరీ మిషనుది; షాపుకు రాగానే ముందు చూసిందీ అదే. తేలిక, పొగ రాదు, పక్కింటి పసిపాప కూడా లేవదని దర్శన్ పొగిడాడు. సుంకన్న మీట నొక్కాడు. అది దోమలా సన్నగా మూలిగింది.

"దీంట్లో పానం లేదమ్మా," అని వెనక్కిచ్చేశాడు.

ఎనిమిదోది పాత మోడల్, పెట్రోలుది. పట్టికలో అట్టడుగున ఉంది. దర్శన్ తాడు లాగగానే షాపు అద్దాలు గడగడలాడాయి. రోడ్డవతల కొబ్బరిబోండాల మనిషి కత్తి దించి ఇటు చూశాడు. సుంకన్న మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది.

ఒకసారి పెట్రోలు పోస్తే ఎంతసేపు ఆడుతుందని అడిగాడు. గంటకు పైనే అన్నాడు దర్శన్. నడుమ తనంతట తానే ఆగిపోతుందా అని అడిగాడు. మనం ఆపేదాకా ఆగదన్నాడు దర్శన్. భుజానికి తగిలించుకునే బెల్టు కొక్కేన్ని మూడుసార్లు గుంజి, బరువుకు ఊడిపోదు కదా అని అడిగాడు. దర్శన్ నవ్వి, కావాలంటే నువ్వే వేలాడి చూడమన్నాడు.

గడ్డి కోసే నైలాన్ తీగ వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. రంజితే గుర్తుచేసింది.

"అది ఎట్లున్నా పర్లేదమ్మా."

అనుభవం గల మనిషి, ఇంజను బాగుంటే అన్నీ బాగున్నట్టేనని అతని లెక్క కాబోలు అనుకుంది రంజిత. అయినా మనసు ఒప్పలేదు.

"సుంకన్నా, నీ పని ఉండేదీ పోయేదీ దీని మీదనే ఉండాది. తెలుసు కదప్పా?"

"తెలుసమ్మా. అందుకే ఇదే కావల్ల."

సోమవారం తొమ్మిదింటికి కాలనీ అదిరిపడింది. నలభై ఇళ్లలో ఆఫీసు కాల్స్‌లో ఉన్నవాళ్లంతా ఒకేసారి మ్యూట్ నొక్కారు. పదకొండు దాకా అదే మోత. మర్నాడూ అంతే. వాట్సాప్ గ్రూపులో ఒకాయన తలనొప్పి అని పెడితే, పని జరిగేటప్పుడు ఓర్చుకోవాలని అశోక్‌కుమార్ మందలించాడు. సుంకన్న ఇప్పుడు ఎంత కష్టపడుతున్నాడో అని ఇంకొకరు చేతులు జోడించే బొమ్మ పెట్టారు.

నెల తిరిగేసరికి కమిటీ తోటంతా కలియదిరిగింది. గడ్డి ఎక్కడా ఒక్క పోచ కూడా ఎగుడుదిగుడుగా లేదు. మందార మొదళ్ల చుట్టూ, కాలిబాట రాళ్ల సందుల్లో కూడా మంగలి దువ్వి కత్తిరించినట్టుంది. అశోక్‌కుమార్ వంగి అరచేత్తో నిమిరి చూశాడు. మన కమిటీ ఎంపిక అంటే మాటలా అన్నాడు. ఏజెన్సీ ఊసు ఇక ఎత్తకూడదని అక్కడికక్కడే తీర్మానించారు.

ఆ మాట సుంకన్నకు తానే చెప్పాలని మర్నాడు కాల్ మధ్యలోనే లేచింది రంజిత. తోటలో అతన్ని వెతకడం ఇప్పుడెంత సులువో. మోత వినిపించిన వైపు నడిస్తే చాలు. క్లబ్‌హౌస్ వెనక్కి తిరుగుతూ రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. తన గొంతు తనకే వినపడలేదు.

మూల తిరిగింది.

యాక్సిలరేటరుకు గుడ్డపీలిక బిగించి, తీగ ఊడదీసి బాదంచెట్టు కొమ్మకు తగిలించిన మిషను ఒంటరిగా గర్జిస్తూంటే, ఇరవై గజాల అవతల సుంకన్నా పుల్లమ్మా గొంతుక్కూర్చుని, ఇన్నాళ్లూ కోసినట్టే, కొడవళ్లతో గడ్డి కోసుకుంటూ పోతున్నారు.