కొంగల చెట్టు దగ్గర ఆగిన దారం

ఏటి మధ్యలో ఒక లంక ఉండేది. ఎగువన వరద మొదలైనా ఆ లంకకి కబురు అందేది కాదు. అందుకని అడవిని ఏలే ఏనుగూ, దారాల వ్యాపారం చేసే సాలీడూ ఒప్పందం చేసుకున్నాయి. ఏనుగు గుంజలు పాతాలి, సాలీడు దారం లాగాలి. ఒడ్డున దారం కదిపితే లంకలో తెలిసిపోతుంది.

దారం లంక అంచునున్న కొంగల చెట్టు దాకా వచ్చి ఆగింది.

లంక వెనక ఇసుకలో గుడ్లు పెట్టుకున్న తాబేలు అడిగింది. "మా వైపు ఎప్పుడు లాగుతారు? వరద ముందే తెలిస్తే గుడ్లు మెరక మీదికి దొర్లించుకుంటాను."

"గుంజలు పాతితే లాగనా తల్లీ," అంది సాలీడు. "అయినా నీ ఒక్కదాని కోసం అంత దారమా?"

"దారం వస్తుందంటే పాతనా?" అంది ఏనుగు. "అయినా లంక మొత్తానికీ దారం వచ్చేసిందని చాటింపు వేయించేశాం కదమ్మా."

కొంగలు వేసిన దండలతో ఇద్దరూ వెళ్ళిపోయారు.

వానల్లో దారం కదిలింది. కొంగలు ఎవరికీ చెప్పకుండా ఎగిరిపోయాయి. తాబేలు గుడ్లన్నీ ఏట్లో కొట్టుకుపోయాయి.

వరద తీశాక ఏనుగు పరామర్శకి వచ్చింది. "కబురు టయానికే పంపాం కదమ్మా, అందలేదా?"

"అందింది దొరా," అంది తాబేలు. "రెక్కలున్న వాళ్ళకి."